ఇన్సులిన్ తగ్గుతూ వచ్చింది, నేను మెచ్చుకుంటూ వచ్చాను

16వ ఏట టైప్ 1 షుగర్. 26వ ఏట థైరాయిడ్. థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టిన 19వ రోజున ప్రాణం మీదికి తెచ్చిన అడిసన్ జబ్బు, అంటే అడ్రినల్ గ్రంథులు చచ్చుబడి కార్టిసాల్ అనే హార్మోను అడుగంటడం. అదే అడ్మిషన్‌లో బయటపడిన బీ12 లోపం. నాలుగూ ఒకే అమ్మాయికి. నాలుగింటికీ మూలం, సొంత ఒంటినే పరాయిదనుకున్న రోగనిరోధక వ్యవస్థ. మొదటి రెండూ నేను వైద్యం చేస్తున్నవే. మూడోది నా ఎదురుగా కుర్చీలో కూర్చుని ఆరు నెలలు పెరిగింది, నేను గుర్తుపట్టలేదు. కేసు రాయడానికి ఆమె ఒప్పుకుంది. ఎవరో తెలిసిపోయే వివరాలు మార్చాను.

మంచి రిపోర్టులు

గోదావరి జిల్లాల్లో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. పదో తరగతి పరీక్షలు అయిన వేసవిలో విపరీతమైన దాహం, బరువు తగ్గడం, చివరికి కీటోన్లు పెరిగి ఐసీయూలో చేరడం. అప్పటి నుంచి రోజుకి నాలుగు ఇంజెక్షన్లు: మూడు పూటలా తిండికి ముందు ఒక్కోటి, పడుకునే ముందు ఒకటి. పెళ్లయ్యేనాటికి మొత్తం 46 యూనిట్లు తీసుకునేది. బరువు 52 కిలోలు, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 8.4. గొప్పగా లేదు, మరీ ఘోరంగానూ లేదు.

పెళ్లయిన ఏడాదికి లెక్క మారింది. 46 కాస్తా 40 అయింది. తర్వాత వచ్చినప్పుడు 34, ఆ పైన 26. హెచ్‌బీఏ1సీ 6.8కి దిగింది. "చాలా బాగా చూసుకుంటున్నావమ్మా" అన్నాను. ఆ మాటకి ఆమె నవ్వలేదు. "ఆకలి ఉండట్లేదు సార్. మధ్యాహ్నం పీరియడ్‌కి బోర్డు మీద చెయ్యి ఎత్తలేకపోతున్నాను" అంది. బరువు 47కి వచ్చింది. వారంలో రెండు మూడుసార్లు తెల్లవారుజామున షుగర్ పడిపోతోంది. రాత్రి డోసు తగ్గించాను. మళ్లీ పడింది. మళ్లీ తగ్గించాను.

టైప్ 1లో ఇన్సులిన్ అవసరం ఊరికే సగానికి పడిపోదు. జబ్బు బయటపడిన కొత్తలో కొన్నాళ్లు హనీమూన్ అని ఒక దశ ఉంటుంది, అప్పుడు పడుతుంది. పదేళ్ల తర్వాత పడిందంటే కారణం వెతకాలి. కిడ్నీ దెబ్బతిన్నా పడుతుంది, తిండి తగ్గినా పడుతుంది, గట్టిపడ్డ చోట పొడుచుకుంటున్న మనిషి చోటు మార్చినా పడుతుంది. పేగుకి గోధుమ పడకపోయినా, థైరాయిడ్ మందగించినా, కిడ్నీల మీద టోపీల్లా కూర్చునే అడ్రినల్ గ్రంథులు చచ్చుబడినా అంతే. నేను కిడ్నీ చూశాను, బాగుంది. థైరాయిడ్ చూశాను. ఆ గ్రంథి మందగిస్తే పెరిగే టీఎస్‌హెచ్ 12.6, థైరాయిడ్ మీద దాడిని చూపే టీపీవో యాంటీబాడీ 600 దాటింది. హషిమోటో థైరాయిడైటిస్. దొంగ దొరికాడనుకున్నాను. ఒక దొంగ దొరికాక ఇంకో గదిలోకి తొంగి చూసే అలవాటు మనకి తక్కువ.

పిల్లలు కావాలనుకుంటున్నారు కాబట్టి ఆలస్యం చేయకుండా థైరాయిడ్ హార్మోను మాత్ర, థైరాక్సిన్ 50 మైక్రోగ్రాములు రాశాను.

ఆ రోజు కన్సల్టేషన్‌లో నా చెవిన పడి కూడా నేను వినని మాటలు రెండున్నాయి. తోడుగా వచ్చిన తల్లి అంది: "దీనికి ఆవకాయ ముక్క అక్కర్లేదండి, జాడీలో ఊట ఉంటే చాలు. మజ్జిగలో ఉప్పు చూస్తే నాకే భయమేస్తోంది." నేను నవ్వి, బీపీ వస్తుంది జాగ్రత్త అన్నాను. అప్పటికి పావుగంట ముందే నర్సు ఫైల్లో బీపీ 96/60 అని రాసి ఉంది. రెండో మాట భర్తది. ఈమధ్య బాగా నల్లబడింది కదా అని నేనే అడిగితే, "ఆయ్, స్కూటీ మీద ఎండలో తిరుగుతోందండి" అన్నాడు. అత్తగారు శనగపిండి, పసుపు పట్టిస్తోందట. సరే అనుకున్నాను. పైగా అది మే నెల.

పందొమ్మిదో రోజు

తెల్లవారుజామున ఐదింటికి ఫోను. ముందు రోజంతా వాంతులు. రాత్రి నుంచి పొంతన లేని మాటలు. మీటర్లో షుగర్ 38. పంచదార నీళ్లు పట్టించి తీసుకొచ్చారు. క్యాజువాల్టీలో బీపీ 74/40, నాడి 122, చేతులు చల్లగా ఉన్నాయి. షుగర్ 52.

ఇక్కడే నాకు మొదటిసారి గుండె గుబేలుమంది. టైప్ 1 ఉన్న మనిషికి రోజంతా వాంతులైతే షుగర్ పెరగాలి, కీటోన్లు నిండాలి. ఒంటికి కష్టం వచ్చినప్పుడు కార్టిసాల్, అడ్రినలిన్ ఎగదన్ని షుగర్‌ని పైకి తోస్తాయి. ఈమెకి తోసేవాళ్లెవరూ ఉన్నట్టు లేదు.

రిపోర్టులు ఒక్కొక్కటిగా వచ్చాయి. సోడియం 121కి పడిపోయింది, పొటాషియం 6.1కి ఎక్కింది, క్రియాటినిన్ 1.3. హిమోగ్లోబిన్ 9.8, ఎర్రకణాల సైజు చెప్పే ఎంసీవీ 108. తెల్లకణాల్లో ఒక రకమైన ఇసినోఫిల్స్ 9 శాతం. ఆ చివరి అంకెని మన దగ్గర ఎవరూ పట్టించుకోరు, నులిపురుగుల మాత్ర ఒకటి రాసి వదిలేస్తారు. కానీ ఇంత జబ్బుతో ఉన్న మనిషి రక్తంలో కార్టిసాల్ దండిగా ఉండాలి, కార్టిసాల్ ఉంటే ఇసినోఫిల్స్ దాదాపు సున్నాకి రావాలి. 9 ఉన్నాయంటే అక్కడ కార్టిసాల్ లేదు.

అరచెయ్యి తెరిచి చూశాను. రేఖలన్నీ సిరా పెన్నుతో గీసినట్టు నల్లగా ఉన్నాయి. వేళ్ల కణుపుల మీద మసి పూసినట్టు. నోరు తెరిపించి టార్చి వేస్తే చిగుళ్ల మీద, బుగ్గ లోపల స్లేటు రంగు మచ్చలు. మోచేతి దగ్గర మూడు నెలల కిందట కుక్కర్ తగిలి కాలిన మచ్చ చుట్టూ ఉన్న చర్మం కంటే నల్లగా ఉంది. చిన్నప్పుడు పడ్డ దెబ్బ తాలూకు మచ్చ మాత్రం తెల్లగానే ఉంది. ఎండ బుగ్గ లోపలికి వెళ్లదు. కొత్త మచ్చ ఒకటి, పాత మచ్చ ఒకటి అని ఎంచుకోదు.

కార్టిసాల్‌కీ, దాన్ని తయారు చేయమని అడ్రినల్‌కి పిట్యూటరీ గ్రంథి పంపే ఏసీటీహెచ్ అనే హార్మోనుకీ రక్తం తీయించాను. ఏసీటీహెచ్ శాంపిల్‌ని తీసిన క్షణం నుంచి ఐసులోనే ఉంచాలి, వెచ్చబడితే హార్మోను విరిగిపోయి అంకె తప్పొస్తుంది. ఆ వేళకి మా ల్యాబ్‌లో ఐసు లేదు. ఎదురుగా సోడా బండి అతన్ని లేపి, అతని పెట్టెలోంచి గడ్డ పగలగొట్టించి ఫ్లాస్కులో వేసి పంపాం. రిజల్టు కోసం ఆగలేదు. ఈ ఒక్క విషయంలో ఆగకూడదు. హైడ్రోకార్టిసోన్ 100 మిల్లీగ్రాములు సిరలోకి, మొదటి గంటలో లీటరు సెలైన్, దాంతో పాటు డెక్స్‌ట్రోస్. పొటాషియం 6.1 చూసి జూనియర్ డాక్టరు అలవాటుగా పొటాషియం తగ్గించే ఇన్సులిన్ డ్రిప్ ఎత్తబోయాడు, వద్దన్నాను. ఈ పొటాషియానికి మందు హైడ్రోకార్టిసోనూ, ఉప్పునీళ్లూ. అలాగని రోజువారీ ఇన్సులిన్ పూర్తిగా ఆపలేదు. టైప్ 1లో ఇన్సులిన్ సున్నా చేస్తే సాయంత్రానికి కీటోన్లు తయారవుతాయి. తక్కువ డోసులో దీర్ఘకాలిక ఇన్సులిన్ ఉంచి, డెక్స్‌ట్రోస్‌తో మోశాం.

పదకొండింటికి బీపీ 104/66. లేచి కూర్చుని, "సార్, ఇడ్లీ తినొచ్చా?" అని అడిగింది. ఆకలి అన్న మాట ఆమె నోట విని నాలుగు నెలలైంది. సోడియం మర్నాటికి 128కి వచ్చింది. అంతకంటే వేగంగా పెరగనివ్వకుండా కాచుకోవాలి. కార్టిసాల్ తిరిగి రాగానే ఒళ్లు నీటిని ఒక్కసారిగా వదిలేస్తుంది, సోడియం ఎగబాకితే మెదడుకి ముప్పు.

మూడో రోజున రిజల్టులు: కార్టిసాల్ 1.4, దాదాపు లేనట్టే. ఏసీటీహెచ్ 1,100 పైన, ఎన్నో రెట్లు ఎక్కువ. చర్మాన్ని నల్లబరిచింది ఆ పెరిగిన ఏసీటీహెచ్చే. ఉప్పు మీద ఆ యావ, అడ్రినల్ పోయి ఒంట్లో ఉప్పు నిలవకే.

నేను వేసిన మాత్ర ఏం చేసింది

థైరాక్సిన్ ఒంటిపనులన్నిటినీ వేగంగా నడిపిస్తుంది. కార్టిసాల్‌ని లివర్ విరగ్గొట్టే వేగమూ పెరుగుతుంది. అడ్రినల్ బాగున్నవాళ్లు ఆ మేరకు ఎక్కువ తయారు చేసుకుంటారు. ఈమె అడ్రినల్ అడుగంటిన బావి. ఉన్న కాస్త నీటిని నేను మోటారు పెట్టి తోడేశాను. ఇంకో మెలిక ఉంది. కార్టిసాల్ లేకపోతే టీఎస్‌హెచ్ దానంతటదే కొంత పెరుగుతుంది. థైరాక్సిన్ ఆపి, హైడ్రోకార్టిసోన్ మీద ఆరు వారాలు ఉంచి చూస్తే టీఎస్‌హెచ్ 12.6 నుంచి 8.1కి దిగింది. అంటే నేను వైద్యం చేసిన అంకెలో కొంత భాగం అసలు థైరాయిడ్‌ది కాదు. యాంటీబాడీ గట్టిగా ఉంది, గర్భం ఆలోచన ఉంది కాబట్టి తర్వాత 25తో మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి ఏమీ కాలేదు.

ఈ వరస, ముందు కార్టిసాల్ ఆ తర్వాతే థైరాక్సిన్ అన్నది, నేను విద్యార్థులకి పాఠం చెప్పే వరసే. ప్రతి థైరాయిడ్ పేషెంటుకీ కార్టిసాల్ చేయించమని ఎవరూ అనరు, నేనూ అనను. టైప్ 1 ఉండి, ఇన్సులిన్ తగ్గుతూ, బీపీ తక్కువగా ఉండి, బరువు పడిపోతున్న మనిషికి చేయించాలి. థైరాయిడ్ మందగిస్తే బరువు పెరగాలి కదా అన్న చిన్న అనుమానం వచ్చినా సరిపోయేది.

టీబీ కాదని ఎలా తెలిసింది

మన దేశంలో అడిసన్ అనగానే ముందు టీబీ గురించి ఆలోచించాలి. థామస్ అడిసన్ 1855లో లండన్ గైస్ హాస్పిటల్ నుంచి ఈ జబ్బుని మొదటిసారి వివరించినప్పుడు కూడా ఎక్కువ కేసుల్లో గ్రంథుల్ని తిన్నది క్షయే. టీబీ పట్టిన అడ్రినల్స్ స్కానులో ఉబ్బి కనపడతాయి, పాతబడితే సున్నం పేరుకుంటుంది. ఈమె సీటీలో రెండు గ్రంథులూ ఎండిపోయిన ఆకుల్లా పల్చగా ఉన్నాయి. ఛాతీ ఎక్స్‌రే బాగుంది. 21-హైడ్రాక్సిలేజ్ యాంటీబాడీ పరీక్షకి రక్తం బయటి ఊరికి పంపాం, పాజిటివ్ వచ్చింది. కార్టిసాల్ తయారీలో ఒక మెట్టు ఆ ఎంజైము. దాని మీద యాంటీబాడీ ఉందంటే గ్రంథిని తిన్నది సొంత సైన్యమే.

ఎర్రకణాలు పెద్దవయ్యాయని చెప్పిన ఎంసీవీ 108 సంగతి మిగిలింది. బీ12 చూస్తే 118. మన ఊళ్లలో బీ12 తక్కువ రావడం మామూలే, చాలామందికి శాకాహారం వల్ల, కొందరికి మెట్‌ఫార్మిన్ వల్ల. ఈమె పులస సీజన్ ఎప్పుడా అని ఎదురుచూసే మనిషి, మెట్‌ఫార్మిన్ ఎన్నడూ వాడలేదు. జీర్ణాశయ కణాల మీదా, బీ12ని పేగు దాకా మోసుకెళ్లే ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ మీదా యాంటీబాడీలు దొరికాయి. పెర్నీషియస్ ఎనీమియా. పేగుకి గోధుమ పడని సీలియాక్ జబ్బు పరీక్ష నెగెటివ్. నెలసరి సక్రమంగా ఉంది. అది కూడా అడగాలి, ఎందుకంటే అడ్రినల్ మీద తిరగబడిన సైన్యం ఒక్కోసారి అండాశయాల్నీ వదలదు.

అడిసన్, థైరాయిడ్ కలిసి రావడాన్ని 1926లో మార్టిన్ ష్మిట్ ఇద్దరు రోగుల్లో రాశాడు. 1964లో కార్పెంటర్ బృందం టైప్ 1 షుగర్‌ని ఆ జంటకి చేర్చింది. ఇప్పుడు దాన్ని ఆటోఇమ్యూన్ పాలీగ్లాండులర్ సిండ్రోమ్ టైప్ 2 అంటున్నాం. అమెరికా ప్రెసిడెంట్ కెన్నెడీకి అడిసన్, థైరాయిడ్ లోపం రెండూ ఉండేవి. ఆయన చర్మం రంగుని జనం ఆరోగ్యం అనుకునేవారు. ఈ అమ్మాయి ఇంట్లో ఎండ అనుకున్నారు, అంతే తేడా.

లెక్కల టీచరుకి చెప్పిన లెక్క

డిశ్చార్జి రోజున ఆమె అడిగింది: "నాలుగు జబ్బులు విడివిడిగా ఒకే మనిషికి వచ్చే అవకాశం ఎంత సార్? గుణించి చూస్తే దాదాపు సున్నా రావాలి కదా." అవును, విడివిడివి అయితే. టైప్ 1 ఉన్నవాళ్లలో నూటికి 15 నుంచి 30 మందికి థైరాయిడ్ యాంటీబాడీలుంటాయి. వాళ్లలోనే అడిసన్ రెండువందల్లో ఒకరికి వస్తుంది, మామూలు జనంలో అది చాలా అరుదు. తిరగేసి చూస్తే ఇంకా స్పష్టం: ఆటోఇమ్యూన్ అడిసన్ ఉన్నవాళ్లలో సగం మందికి పైగా ఇంకో ఆటోఇమ్యూన్ జబ్బు ఉంటుంది. ఇవి ఒకదాన్నొకటి తెచ్చుకుంటున్న జబ్బులు కావు, ఒకే వేరు నుంచి లేస్తున్న పిలకలు. ప్రిస్క్రిప్షన్ వెనక బొమ్మలు గీస్తూ చెప్పాను. ఆ కాగితం ఇప్పటికీ ఆమె ఫైల్లో ఉంది.

మొదటి బొమ్మ గుండె మీద ఉండే థైమస్. టీ కణాలు అక్కడ తయారై, పరీక్ష పాసై బయటికి వస్తాయి. పరీక్ష ఏమిటంటే, సొంత ఒంటి ప్రోటీన్ ముక్కల్ని చూపించినప్పుడు కస్సుమన్న కణాన్ని అక్కడికక్కడే చంపేస్తారు. పాంక్రియాస్‌లో మాత్రమే ఉండాల్సిన ఇన్సులిన్, థైరాయిడ్‌లో మాత్రమే ఉండాల్సిన ప్రోటీన్లు థైమస్‌లో ఎలా దొరుకుతాయి? ఎయిర్ అనే జన్యువు అక్కడి కణాల చేత వాటిని కొద్దికొద్దిగా తయారు చేయిస్తుంది. 1997లో దాన్ని కనుక్కున్నారు, 21వ క్రోమోజోమ్ మీద. రెండు కాపీలూ పాడైన పిల్లలకి టైప్ 1 పాలీగ్లాండులర్ సిండ్రోమ్ వస్తుంది: చిన్నప్పుడే నోట్లో మానని ఫంగస్, కాల్షియం పడిపోవడం, అడిసన్.

ఇక్కడ తల్లి కల్పించుకుంది. "మాది మేనరికం డాక్టరు గారూ. అందుకేనా?" ఈ ప్రశ్న పదేళ్లుగా ఆవిడ లోపల ఉన్నట్టుంది. టైప్ 1 సిండ్రోమ్ అయితే అవుననాల్సి వచ్చేది. తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ పాడైన కాపీ రావాలి, మేనరికంలో ఆ అవకాశం పెరుగుతుంది. మీ అమ్మాయిది అది కాదు, ఇది ఒక్క జన్యువు చేసిన పని కాదు, చాలా జన్యువులు తలో పైసా వేసి కట్టిన చందా అన్నాను. ఆవిడ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. మొగుడి వైపు ఒకసారి చూసింది.

ఆ చందాలో పెద్ద వాటా ఆరో క్రోమోజోమ్ మీదున్న హెచ్‌ఎల్‌ఏ జన్యువులది. టైప్ 1 షుగర్ వారసత్వంలో దాదాపు సగం వాటిదే. ప్రోటీన్ ముక్కని అరచేతిలో పెట్టి టీ కణానికి చూపించే చెయ్యి హెచ్‌ఎల్‌ఏ. ఒక్కొక్కరి అరచేతి గుంట ఒక్కో ఆకారం. డీక్యూ2, డీక్యూ8 అనే రెండు రకాల గుంటల్లో కొన్ని సొంత ప్రోటీన్ల ముక్కలు ప్రమాదకరంగా కూర్చుంటాయి. అవే డీక్యూ2, డీక్యూ8 గోధుమలోని గ్లూటెన్ ముక్కల్నీ గట్టిగా పట్టుకుంటాయి, అందుకే సీలియాక్‌కీ టైప్ 1కీ చుట్టరికం. డీఆర్3 అనే రకం డీక్యూ2తో కలిసి ఒకే కట్టగా తరం నుంచి తరానికి దిగుతుంది. థైరాయిడ్, అడిసన్, టైప్ 1, మూడింటికీ ఈ కట్ట పేరు వినపడుతుంది. ఈమెకి హెచ్‌ఎల్‌ఏ పరీక్ష చేయించలేదు. ఖర్చు ఎక్కువ, వచ్చిన జవాబుతో వైద్యంలో మారేదేమీ లేదు.

రెండో బొమ్మ బ్రేకులు. థైమస్ పరీక్ష ఎంత గట్టిగా పెట్టినా కొందరు దుడుకువాళ్లు తప్పించుకుని బయటపడతారు. వాళ్లని పట్టి ఉంచడానికి టీ కణం మీదే సీటీఎల్‌ఏ4 అనే బ్రేకు ఉంటుంది, పైన రెగ్యులేటరీ టీ కణాలనే కాపలావాళ్లు ఉంటారు. 2025 నోబెల్ వైద్య బహుమతి మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్, షిమోన్ సకగూచిలకి వచ్చింది ఈ కాపలావాళ్లని, వాళ్లని నడిపే ఫాక్స్‌పీ3 జన్యువుని పట్టుకున్నందుకే. ఆ జన్యువు పూర్తిగా చెడిపోయిన మగపిల్లలకి పుట్టిన కొద్ది నెలల్లోనే షుగర్, థైరాయిడ్, ఆగని విరేచనాలు, చర్మం మీద ఎగ్జిమా అన్నీ కలిసి వస్తాయి. సీటీఎల్‌ఏ4లో చిన్న తేడాలున్న కుటుంబాల్లో థైరాయిడ్, టైప్ 1, అడిసన్ ఎక్కువ. ఈ బ్రేకు తీసేస్తే ఏమవుతుందో చూడాలంటే క్యాన్సర్ వార్డుకి వెళ్లాలి. సీటీఎల్‌ఏ4ని అడ్డుకునే ఇపిలిముమాబ్ అనే మందుకి 2011లో అనుమతి వచ్చింది. కణితి మీదికి సైన్యాన్ని వదలడానికి బ్రేకు తీస్తారు. కొందరిలో ఆ సైన్యం దారిలో ఉన్న థైరాయిడ్‌నో పిట్యూటరీనో కూడా కొట్టేస్తుంది. ఇదే తరహాలో పీడీ1 అనే ఇంకో బ్రేకుని తీసే మందులతో, అరవై ఏళ్ల పెద్దాయనకి రాత్రికి రాత్రే టైప్ 1 రావడం కూడా ఉంది.

ఈ జబ్బుల చరిత్రలో నాకు బాగా నచ్చిన ముక్క 1974ది. అప్పటిదాకా టైప్ 1 ఆటోఇమ్యూన్ జబ్బు అని నిరూపణ లేదు. బొటాజో, ఫ్లోరిన్-క్రిస్టెన్సెన్, డోనియాక్ లండన్‌లో పాంక్రియాస్ మీద యాంటీబాడీలు మొదటిసారి కనిపెట్టారు. మామూలు షుగర్ రోగుల్లో కాదు, షుగర్‌తో పాటు ఇతర గ్రంథులు కూడా పాడైన రోగుల్లో. మా టీచరు లాంటివాళ్ల రక్తంలోనే ప్రపంచానికి ఈ సంగతి మొదట తెలిసింది.

మరి హెచ్‌ఎల్‌ఏ కట్ట ఉన్న ప్రతివాళ్లకీ ఎందుకు రాదు? రూపురేఖలు ఒక్కటే అయిన కవలల్లో కూడా ఒకరికి టైప్ 1 వస్తే రెండోవారికి వచ్చి తీరాలని లేదు. జన్యువు గొళ్లెం తీసిపెడుతుంది, తలుపు తోసేది మరొకటి: వైరసో, తిండో, అదృష్టమో. తిండికి మన దేశంలోనే మంచి ఉదాహరణ ఉంది. దేశంలో మూడు ప్రాంతాల్లో చేసిన పెద్ద సర్వేలో సీలియాక్ ఉత్తరాదిన సుమారు నూటికి ఒకరికి, దక్షిణాదిన వెయ్యికి ఒకరికి కనపడింది. డీక్యూ2, డీక్యూ8 మాత్రం రెండు చోట్లా దాదాపు సమానం. తేడా కంచంలో ఉంది. వాళ్లది రొట్టె, మనది అన్నం. రాత్రిపూట చపాతీలకి మారిన మన పట్నాల సంగతి ఇరవై ఏళ్ల తర్వాత చూడాలి.

"స్టెరాయిడ్లా సార్?"

మందులు: హైడ్రోకార్టిసోన్ లేవగానే 10 మిల్లీగ్రాములు, మధ్యాహ్నం 5, సాయంత్రం నాలుగింటికి 2.5. ఉప్పుని పట్టి ఉంచడానికి ఫ్లూడ్రోకార్టిసోన్ 100 మైక్రోగ్రాములు, అది ప్రతి మందుల షాపులోనూ దొరకదు కాబట్టి మూడు నెలలది ముందే కొనిపెట్టుకోమన్నాను. బీ12 ఇంజెక్షన్లు. ఇన్సులిన్ మెల్లగా 26 నుంచి 38కి వెళ్లింది. హెచ్‌బీఏ1సీ 7.4 అయింది. నాకిది ఆనందం, ఆమెకి బాధ. "అంత కష్టపడి తగ్గించుకున్నాను, మళ్లీ పెరిగింది" అంది. ఆ 6.8 కష్టంతో రాలేదని, జబ్బుతో వచ్చిందని ఒప్పించడానికి రెండు విజిట్లు పట్టింది. ఆ నమ్మకం ఆమెకి ఇచ్చింది నేనే మరి.

రెండో చిక్కు స్టెరాయిడ్ అన్న పేరుతో. మందుల షాపు కుర్రాడు, పక్కింటావిడ, వాట్సాప్ అందరూ ఒకటే మాట: స్టెరాయిడ్ వాడితే ఒళ్లు వాచి ఎముకలు గుల్లయిపోతాయి. ఎక్కువ డోసులో ఏళ్ల తరబడి మింగితే నిజమే. ఇక్కడ ఇస్తున్నది ఒళ్లు రోజూ తయారు చేసుకోవాల్సినంత, అంతే. ఇన్సులిన్ ఎలాగో ఇదీ అలాగే అన్నాక ఆమెకి అర్థమైంది, పదేళ్లుగా ఇన్సులిన్ పొడుచుకుంటున్న మనిషి కదా. జ్వరం వస్తే డోసు రెండింతలు, వాంతి అయి మాత్ర నిలవకపోతే ఇంట్లో ఉంచుకున్న 100 మిల్లీగ్రాముల ఇంజెక్షన్ కండకి పొడిచి ఆసుపత్రికి బయలుదేరడం. భర్తకి నారింజ మీద పొడవడం నేర్పించాం. ఆ వానాకాలం ఆమెకి వైరల్ జ్వరం వచ్చింది. డోసు రెట్టింపు చేసుకుని, నాలుగు రోజులు ఇంట్లోనే ఉండి, తగ్గాక నాకు మెసేజ్ పెట్టింది. రెండు నెలల్లో బుగ్గ లోపలి మచ్చలు పల్చబడ్డాయి. అరచేతి రేఖలు ఆలస్యంగా వెలిశాయి. ఊరగాయ ఊట మానేసింది, ఎవరూ మానమనకుండానే.

నిండు చేతుల రవిక

పదేళ్ల కిందట మొదటిసారి వచ్చినప్పుడు నేను అందరినీ అడిగే ప్రశ్నే అడిగాను: ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉందా? లేదన్నారు. నిజంగానే లేదు. నేను అడగాల్సింది బొల్లి గురించి, థైరాయిడ్ గురించి, కీళ్లవాతం గురించి, చిన్న వయసులో నెలసరి ఆగిపోయిన పిన్నుల గురించి. ఆ తల్లి ఎండాకాలంలో కూడా మణికట్టు దాకా రవిక వేసుకునేది. నేను భక్తో పద్ధతో అనుకున్నాను. డిశ్చార్జి తర్వాత మొదటి విజిట్‌లో కూతుర్ని బయట కూర్చోబెట్టి, తలుపు దగ్గరికి వేసి, ఆవిడ చెయ్యి మడిచి చూపించింది. మోచేతుల మీద పాలతెల్లటి మచ్చలు. పెళ్లయిన నాలుగేళ్లకి మొదలయ్యాయట. ఇద్దరు ఆడపిల్లలు, సంబంధాలు చెడిపోతాయని సొంత తోడికోడలికి కూడా తెలియనివ్వలేదు. మేనత్తకి కీళ్లవాతం ఉందనీ అప్పుడే చెప్పింది. బొల్లి అంటువ్యాధి కాదు, కుష్టు కాదు, పాపమూ కాదు. చర్మానికి రంగునిచ్చే కణాల మీద అదే సైన్యం చేసిన దాడి. ఈ మాటలు చెప్పడం తేలిక. ఇరవై ఏళ్లు రవిక చేతులు పొడుగ్గా కుట్టించుకున్న మనిషి వినడం కష్టం.

చెల్లెలికి 21. డిగ్రీ చివరి ఏడు. జబ్బేమీ లేదు, చూడ్డానికి దుక్కలా ఉంది. తల్లి కోరికమీద పరీక్షలు చేశాం. షుగర్ తాలూకు యాంటీబాడీలు లేవు. టీపీవో పాజిటివ్, టీఎస్‌హెచ్ మామూలే. 21-హైడ్రాక్సిలేజ్ పాజిటివ్. కార్టిసాల్, ఏసీటీహెచ్ బాగున్నాయి. ఒంట్లో ఉప్పు నిలవకపోతే పెరిగే రెనిన్ మాత్రం కొద్దిగా పైన ఉంది. అడ్రినల్ మీద దాడి మొదలైతే ముందు కదిలేది చాలాసార్లు అదే, కార్టిసాల్ తగ్గడానికి ఎంతో ముందు. మందేమీ ఇవ్వలేదు, ఇవ్వాల్సిన దశ కాదు. ఏడాదికోసారి ఉదయం ఎనిమిదింటికి రక్తం, మధ్యలో వాంతులు గానీ, కళ్లు తిరగడం గానీ, కారణం లేకుండా నల్లబడటం గానీ కనపడితే వెంటనే రావడం. ఆపరేషన్ ఏదైనా చేయించుకోవాల్సి వస్తే మత్తు డాక్టరుకి ఈ కాగితం చూపించడం.

"పెళ్లివాళ్లకి కూడా చూపించాలా?" అని తల్లి అడిగింది. నా దగ్గర జవాబు లేదు. చెల్లెలే అందుకుంది, "చూపిద్దాంలే అమ్మా, అక్కకి అయినట్టు కాకూడదు కదా" అని. తర్వాత నా వైపు తిరిగి, నాకు ఉప్పంటే అసలు ఇష్టం ఉండదండి, పరవాలేదా అంది. ఇష్టం పుట్టిన రోజు ఫోను చేయమన్నాను. ఆమె ఫైలు మీద ఆ మాటే ఎర్ర సిరాతో రాసి పెట్టాను.